బూటు గీతల మీద తెల్ల స్పాంజ్: చాలాకాలం వాడాక

కారు లోపల లేత గోధుమ రంగు ప్లాస్టిక్ పెట్టాలని మొదట ఎవరికి తోచిందో గానీ, వాళ్లింట్లో స్కూలుకెళ్లే పిల్లలు ఉండి ఉండరు. షోరూంలో బాగానే ఉంటుంది. లోపలంతా విశాలంగా కనిపిస్తుంది. మా ఆవిడకి నచ్చింది కూడా ఆ రంగే. తీరా ఇంటికి తెచ్చుకున్నాక నెల తిరక్కుండానే డోర్ ప్యాడ్‌ల కింది భాగం, ముందు సీట్ల వెనకున్న ప్లాస్టిక్, ఎక్కేటప్పుడు కాలు తగిలే గడప, అన్నిచోట్లా నల్లబూట్ల గీతలే. మాది బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఒక పాత అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో మా కారుకి ఒకవైపు పిల్లర్, ఇంకోవైపు పక్క ఫ్లాట్ వాళ్ల పెద్ద బండి. డోర్ సగమే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి ఎంత జాగ్రత్తగా దిగినా బూటు డోర్‌కి రాసుకోవాల్సిందే.

తడిగుడ్డతో తుడిస్తే ఆ గీతలు పోవు. షాంపూ నీళ్లకి కాస్త పలచబడతాయి, అంతే. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా బిల్లులో ‘ఇంటీరియర్ పాలిష్’ అని ఒక లైను వేసేవారు. ఇంటికొచ్చి చూస్తే గీత అక్కడే ఉండేది, దాని మీద సిలికాన్ మెరుపు అదనం. నాలుగు రోజులకి ఆ జిడ్డు మీద దుమ్ము పేరుకుని అంతకుముందు కన్నా అసహ్యంగా తయారయ్యేది. డ్యాష్‌బోర్డ్‌కి కూడా అదే పూసేవారు. మధ్యాహ్నం ఎండలో దాని నీడ ముందు అద్దంలో పడి రోడ్డు సరిగా కనిపించేది కాదు.

ఇలాంటి సమయంలో తెల్ల స్పాంజ్ దొరికింది. అమెరికాలో దీన్ని 2003 నుంచి మ్యాజిక్ ఎరేజర్ పేరుతో అమ్ముతున్నారు. అక్కడుండే మా చెల్లెలు వస్తూ వస్తూ వంటింటి గోడల కోసమని రెండు ప్యాకెట్లు సూట్‌కేసులో పడేసుకొచ్చింది. అవి అయిపోయాక ఇక్కడే ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని ప్యాకెట్లు కొంటున్నాను. పేరున్నది కాస్త గట్టిగా ఉండి నిదానంగా అరుగుతుంది. ఇక్కడిది త్వరగా తునకలు రాలుతుంది. గీత పోగొట్టడంలో మాత్రం రెండింటికీ తేడా కనిపించలేదు.

మొదటిసారి డ్రైవర్ డోర్ మీద వాడినప్పుడు నిజంగానే ఆశ్చర్యపోయాను. నీళ్లలో ముంచి, రెండు అరచేతుల మధ్య అదిమి నీరు తీసేశాను (మెలితిప్పితే చిరుగుతుంది). గీత మీద వేలితో తేలిగ్గా నాలుగైదు సార్లు అటూ ఇటూ అన్నాను. నలుపు మొత్తం స్పాంజ్‌కి వచ్చేసింది. సబ్బు లేదు, స్ప్రే లేదు, వాసన లేదు. సర్వీసు సెంటర్లో డబ్బు పోసినా పోని గీతలు ఒక్క ఆదివారం ఉదయం, కాఫీ చల్లారేలోపు పోయాయి. ఆ వారమంతా ఆఫీసులో కనిపించినవాళ్లందరికీ దీని గురించే చెప్పాను. ఇద్దరు ముగ్గురు కొన్నారు కూడా.

పైసా మందు లేకుండా ఇదెలా పనిచేస్తుందంటే, ఇది మెలమైన్ ఫోమ్. మన ఇళ్లలో మెలమైన్ ప్లేట్లు ఉంటాయి చూశారా, ఆ జాతి రెజిన్‌నే నురుగులా పొంగించి చేస్తారు. జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ ఇదే ఫోమ్‌ని బాసోటెక్ట్ పేరుతో గదుల్లో శబ్దం పీల్చుకోవడానికి తయారుచేస్తుంది. చేతికి మెత్తగానే తగులుతుంది, కానీ లోపల అల్లుకున్న సన్నటి పోగులు గట్టివి. కారు ప్లాస్టిక్‌కి తోలులా కనిపించడానికి పైన సన్నటి గరుకు డిజైన్ ఉంటుంది. బూటు రబ్బరు ఆ గరుకు గుంటల్లో ఇరుక్కుంటుంది. గుడ్డ గుంటల మీదుగా జారిపోతుంది, ఈ పోగులు మాత్రం లోపలికి దిగి గీకేస్తాయి. అంటే తుడవడం కాదు, అతి సన్నటి గరుకు కాగితంతో రుద్దడమే. అందుకే స్పాంజ్ కూడా వాడేకొద్దీ అరిగి చిన్నదైపోతుంది.

నీళ్ల విషయంలోనూ ఇది మా ఊరికి తగ్గ వస్తువు. 2024 మార్చిలో నీటి కరువు ముదిరినప్పుడు, కార్లు కడగడానికి తాగునీళ్లు వాడితే 5,000 రూపాయలు జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ కుళాయికి తాళం పడింది. ఆ వేసవంతా కారు బయట ఎలా ఉన్నా, లోపల మాత్రం చిన్న గిన్నెడు నీళ్లతో శుభ్రంగా ఉంచుకున్నాను.

అయితే ఆ నీళ్లు ఎక్కడివన్నది కూడా చూసుకోవాలి. ట్యాంకర్ నీళ్లతో రుద్దిన చోట ఆరాక తెల్లటి పొర తేలేది. ఫోమ్ పొడి అనుకుని మళ్లీ తడిపి తుడిస్తే ఇంకాస్త ఎక్కువయ్యేది. గోధుమ రంగు మీద అంతగా తెలియదు గానీ, డిక్కీ లోపలి నల్ల ప్లాస్టిక్ మీద ముగ్గుపిండి చల్లినట్టు కనిపించింది. అది ట్యాంకర్‌లో వచ్చే బోరు నీళ్లలోని ఉప్పు, సున్నం. వంటింటి ఫిల్టర్ నీళ్లు అరగ్లాసు తీసుకెళ్లి రుద్ది, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెడితే ఆ పొర రావడం లేదు.

ఇక మా బావమరిది సంగతి. ఉగాదికి హిందూపురం నుంచి వచ్చాడు. ఊరికే కూర్చోలేని మనిషి. వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి బాగుచేసి వెళ్తాడు, అందులో సగం నిజంగానే బాగుపడతాయి కూడా. పండగ రోజు పొద్దున ఏదో తేవడానికి కారు తాళాలు అడిగి కిందికి వెళ్లాడు. డోర్ జేబులో స్పాంజ్ కనిపించింది. గంటసేపు మనిషి జాడ లేదు. పైకి వచ్చి, “బావా, లోపలంతా కొత్త బండిలా చేసిపెట్టా, వెళ్లి చూడు” అన్నాడు. వెళ్లి చూశాను. ట్యూబ్‌లైట్ వెలుతురులో, ఇంకా తడి ఆరకుండా నిగనిగలాడుతోంది. బాగుందనే చెప్పాను.

మర్నాడు ఆఫీసుకి రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు వైపు వెళ్తున్నాను. పొద్దుటి పూట ఆ దారిలో ఎండ ఎడమ కిటికీలోంచి నేరుగా గేరు మీద పడుతుంది. అప్పుడు కనిపించింది. గేరు చుట్టూ పియానో బ్లాక్ అని మెరిసే నల్ల ప్లాస్టిక్ ఉంటుంది కదా, అది మసకబారిపోయింది. గుండ్రంగా రుద్దాడు కాబట్టి సున్నాల మీద సున్నాలు గీతలు. ఏసీ బటన్ల చుట్టూ కూడా అంతే. గుడ్డతో తుడిచాను, పోలేదు. పోయేది ఏముంది, అది మురికి అయితే కదా! ఆ ప్లాస్టిక్ అందమంతా పైనున్న నున్నదనంలోనే ఉంది. మామూలు గుడ్డకే సన్నగీతలు పడే ఉపరితలం అది. దాని మీద గరుకు కాగితం లాంటిది గంటసేపు ఆడింది. టచ్ స్క్రీన్ బతికి బయటపడిందంటే, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మా ఆవిడ పచ్చడి తినడానికి పిలిచింది కాబట్టి.

ఫోన్ చేసి చెబితే మావాడు నొచ్చుకున్నాడు. కాసేపాగి, “ప్యాకెట్ మీద వద్దని ఎక్కడా రాయలేదు బావా” అన్నాడు. తీసి చూస్తే నిజమే. మా చెల్లెలు తెచ్చిన ప్యాకెట్ మీద మెరిసేవాటి మీద, పాలిష్ పెట్టినవాటి మీద, ముదురు రంగు వాటి మీద, కారు బాడీ మీద వాడొద్దని వివరంగా ఉండేది. ఇక్కడి ప్యాకెట్ మీద నవ్వుతున్న ఒక గృహిణి బొమ్మ, ‘అన్ని ఉపరితలాలకూ’ అన్న మాట, అంతే. ఈ వస్తువు మీద నా అసలు ఫిర్యాదు ఇదే. పనికిరాని వస్తువైతే ఎవరూ పట్టించుకోరు, ఇంత బాగా పనిచేసేదాని మీద ఒక్క హెచ్చరికైనా ఉండాలి.

గేరు చుట్టూ ఉండే ఆ నల్ల ముక్క కోసం జేసీ రోడ్డుకి వెళ్లాను. బెంగళూరులో కారు సామాన్లంటే ముందు గుర్తొచ్చేది ఆ రోడ్డే. మొదటి షాపులో నల్ల స్టిక్కర్ అంటించేద్దామన్నారు. రెండో షాపతను నా యాస వినగానే తెలుగులోకి మారి, ఆ ముక్క విడిగా రాదనీ, మొత్తం కన్సోల్ మార్చాలనీ చెప్పాడు. ధర విన్నాక నమస్కారం పెట్టి బయటికొచ్చాను. చివరికి ప్లాస్టిక్ పాలిష్ ట్యూబ్ ఒకటి కొని, మెత్తటి గుడ్డతో కొద్దికొద్దిగా వారం వారం రుద్దుతూ వచ్చాను. సున్నాలు చాలావరకు పోయాయి. మసక పూర్తిగా పోలేదు. నీడలో కనిపించదు, ఎండ పడితే తెలుస్తుంది.

ఈ గొడవ తర్వాత నా డోర్ ప్యాడ్‌లని కూడా ఎండలో పెట్టి చూడటం మొదలైంది. డ్రైవర్ డోర్ కింద, రోజూ నా బూటు తగిలే చోట, అరచేతి వెడల్పున ప్లాస్టిక్ కాస్త మెరుస్తోంది. పక్క సీటు వైపు డోర్ మాత్రం కొన్నప్పటిలా మ్యాట్‌గానే ఉంది. గీత పడేది ఒకే చోట, రుద్దేదీ ఒకే చోట. ఏళ్ల తరబడి అలా రుద్దితే గరుకు డిజైన్ పైఅంచులు అరిగిపోతాయి. మొదట్లో ఆఫీసులో చెప్పినప్పుడు ‘ఏమీ కాదు, ఎంతైనా రుద్దుకోండి’ అనేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆ రెండో సగం అనడం లేదు.

అందుకని ఇప్పుడు ముందు స్పాంజ్ తీయను. బూటు గీత అదే రోజుదైతే పిల్లల కంపాస్ బాక్సులోని తెల్ల రబ్బరుతోనే చెరిగిపోతుంది. పెన్సిల్ గీత చెరిపినట్టు పొడిగానే రుద్దాలి, తునకలు దులిపేయాలి. లొంగకపోతే కొంచెం షాంపూ నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్. అప్పటికీ మిగిలితేనే స్పాంజ్, అదీ తేలిగ్గా. స్పాంజ్‌ని గట్టిగా నొక్కితే గీత త్వరగా పోతుందనిపిస్తుంది గానీ, నొక్కడం వల్ల ప్లాస్టిక్కే ఎక్కువ పోతుంది. సిలికాన్ పాలిష్ పూసి ఉంటే ముందు దాన్ని సబ్బు నీళ్లతో కడిగేయాలి, లేదంటే స్పాంజ్ జారుతుందే తప్ప పట్టదు. చేతికి రబ్బరులా మెత్తగా తగిలే కోటింగ్ ఉన్న డ్యాష్‌బోర్డ్‌ల జోలికీ, స్టీరింగ్ తోలు జోలికీ దీన్ని తీసుకెళ్లొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ గురించి కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. అందులో అసిటోన్ ఉంటే కారు లోపల వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్ కరిగిపోతుంది, ఆ సలహా వినకండి.

డిక్కీ అంచు కథ వేరు. ఊరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసులు, బియ్యం బస్తాలు ఎక్కించి దించేచోట నల్ల ప్లాస్టిక్ మీద తెల్లగీతలు పడతాయి. స్పాంజ్ వాటిని ఏమీ చేయలేదు. ఒకసారి ఆ ముక్క ఊడదీసినప్పుడు వెనక అచ్చులో పీపీ-టీడీ20 అని కనిపించింది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో 20 శాతం టాల్క్ కలిపారని అర్థం. మొహానికి రాసుకునే పౌడర్‌లో ఉండే టాల్కే. గట్టిదనం కోసం కలుపుతారు. అలాంటి ప్లాస్టిక్ గీసుకుంటే ఆ చోట తెల్లగా తేలుతుంది. అది పైనుంచి అంటింది కాదు, ప్లాస్టిక్‌కే తగిలిన గాయం. గోటితో అడ్డంగా గీసి చూస్తే తెలిసిపోతుంది. గోరు తట్టుకుంటే స్పాంజ్ పక్కన పెట్టేయొచ్చు. పక్క ఫ్లాట్ ఆయన తన బండికి హాట్ ఎయిర్ గన్ పెట్టించాడు. తెల్లదనం తగ్గిన మాట నిజమే. కానీ వేడి ఎక్కువైన చోట గరుకు కరిగి నున్నటి మచ్చ మిగిలింది, గీత కన్నా అదే ముందు కనిపిస్తోంది.

ఇంతా చెప్పి కొనొచ్చా అంటే, మాలా లేత రంగు ప్లాస్టిక్, ఇరుకు పార్కింగ్, స్కూలు బూట్లు ఉంటే కొనండి. దీనికి సమానమైనది ఈ ధరలో నాకు ఇంకోటి దొరకలేదు. లోపలంతా నలుపు, సగం పియానో బ్లాక్ ఉన్న కొత్త కార్లకి మాత్రం నేను చెప్పను. ఒకటి రెండేళ్లలో బండి అమ్మేసేవాళ్లకి ఆ కొద్దిపాటి మెరుపు లెక్కలోది కాదు. మేము ఇంకా చాలాకాలం ఉంచుకుంటాం కాబట్టి, తుడిచే పనే తగ్గేలా గడపకి పారదర్శక ఫిల్మ్ అంటించాను. పెయింట్ ఉన్న రేకు మీద అది చక్కగా పట్టుకుంది. డోర్ ప్యాడ్‌కీ అంటిద్దామని చూశాను గానీ, పాలీప్రొపిలీన్‌కి జిగురు సరిగా పట్టదు, పైగా గరుకు. మొదటి ఎండకే అంచులు లేచిపోయాయి.