సోషల్ వర్కర్ల ఆన్‌లైన్ కోర్సు: డేటా భాగం కోసం చేరొచ్చు, సూపర్‌విజన్ మాత్రం ఆశించకండి

కొత్తగా చేరే సోషల్ వర్కర్లకు సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. వాళ్ల కేసులు విని, దారి చూపి, అండగా నిలవడమే మా వృత్తిలో సూపర్‌విజన్. ఈ వృత్తికి రేపు కావలసిన నైపుణ్యాలు నేర్పుతామన్న ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఈమధ్యే పూర్తిచేశాను. మా బృందం చేత చేయించాలా వద్దా తేల్చుకోవడానికే చేరాను.

మొదటి భాగం వృద్ధుల సంరక్షణ. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి 60 ఏళ్లు, ఆపైన ఉంటాయన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాతో మొదలుపెట్టారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో, వాళ్లను చూసుకునే ఇంటివాళ్ల అలసటను ఎలా పసిగట్టాలో చెప్పారు. అనుభవమున్నవాళ్లకు ఇందులో కొత్త సంగతులు తక్కువ.

అసలు సరుకంతా డేటా భాగంలో ఉంది. అమెరికాలోని ఎలిగెనీ కౌంటీలో పిల్లల గురించి ఫిర్యాదు ఫోను వస్తే, 2016 నుంచి ఒక కంప్యూటర్ మోడల్ ముప్పు ఎంతుందో అంచనా వేసి 1 నుంచి 20 వరకు స్కోరు ఇస్తోంది. ప్రభుత్వ సేవల రికార్డులే దానికి ఆధారం కాబట్టి, ఆ సేవల మీద ఆధారపడే పేద కుటుంబాల వివరాలే అందులో ఎక్కువగా పడతాయి. స్కోరు చూడగానే ఏమేం అడగాలో విడమరిచి చెప్పారు. మా వాళ్లందరికీ ఇది తెలియాలి.

తర్వాత ఒక అభ్యాసం. హోమ్ విజిట్ రికార్డింగ్ నుంచి ఏఐ రాసిన కేస్ నోట్స్ ఇచ్చి దిద్దమన్నారు. అందులో 'తల్లి సహకరించలేదు' అని ఉంది. రికార్డింగ్ వింటే ఆమె రెండు ప్రశ్నలకు చక్కగా జవాబిచ్చింది. భర్త గురించి అడిగేసరికి ఆగిపోయింది. అదే క్షణంలో పక్కగదిలో ఎవరో దగ్గారు. నోట్స్‌లో ఆ దగ్గు ఊసే లేదు. ఆ వాక్యం అలాగే ఫైల్లో ఉండిపోతే, రేపు ఆ ఇంటికి వెళ్లే వర్కర్ ఆ తల్లిని మొండి మనిషి అనుకునే గడప తొక్కుతారు. ఈ ఒక్క అభ్యాసం కోసమైనా కోర్సులో చేరొచ్చు.

నాకు మింగుడుపడనిది సూపర్‌విజన్‌ను ఒక్క పేజీతో సరిపెట్టడం. మోయలేనన్ని కేసులు, రోజూ విని వచ్చే హింస కథలు, మనసులోది చెప్పుకుందామంటే వినే పెద్దదిక్కు లేకపోవడం: మంచి వర్కర్లు మానేయడానికి ఇవే కారణాలు. ఉన్నవాళ్లు నిలబడనప్పుడు కొత్త నైపుణ్యాలు ఎవరికి నేర్పుతాం? విలియమ్ మిల్లర్ 1983లో ప్రతిపాదించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌నూ (మారాలన్న కోరిక ఎదుటివాళ్ల నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి) స్లైడ్లతోనే దాటించేశారు. మనం మాట్లాడింది రికార్డు చేసి, తెలిసినవాళ్లు విని దిద్దితేనే అది పట్టుబడుతుంది.

ఫీల్డులో కొంతకాలం తిరిగినవాళ్లు నిశ్చింతగా చేరండి. కొత్తవాళ్లయితే పక్కన ఒక సీనియర్ ఉంటేనే చేయండి. మా బృందంలో డేటా భాగం ఒక్కటే, అందరం కలిసి కూర్చుని చేస్తాం. రికార్డింగ్ ముందు వినిపించి, ఏఐ నోట్స్ తర్వాత చూపిస్తాను.