పక్షులను గుర్తుపట్టడం నేర్చుకోవాలంటే ఇథకా

న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంటి నుంచి నాలుగు గంటలకు పైగా కారులో ప్రయాణించి, మే నెల చివరలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథకాకు వెళ్ళాము. 1915లో ఆరంభమైన కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల ఇక్కడి సాప్‌సకర్ వుడ్స్ అడవిలోనే ఉంది. కాలిబాటల్లో నడవడానికి రుసుము లేదు. అయినా కొత్తవారు ముందుగా సందర్శకుల కేంద్రంలో, చెరువు వైపున్న పెద్ద అద్దాల దగ్గర ఒక గంట కూర్చోవాలని నా సలహా. బయట వేలాడే గింజల ఫీడర్ల వద్దకు వచ్చే పక్షులను అక్కడ తీరిగ్గా, దగ్గరగా పోల్చి చూడవచ్చు.

డౌనీ, హెయిరీ అనే రెండు వడ్రంగి పిట్టలూ నలుపు తెలుపుల్లో అచ్చం ఒకేలా ఉంటాయి. ఒక్కటే కనిపించినప్పుడు పరిమాణాన్ని నమ్మలేము కనుక ముక్కును చూడాలి; హెయిరీ ముక్కు ఇంచుమించు తలంత పొడవుంటే, డౌనీది అందులో సగానికి అటూ ఇటూగా ఉంటుంది. మగ కార్డినల్ ఎర్రదనం ఎవరికైనా తెలుస్తుంది గానీ, గోధుమవన్నె ఆడపక్షిని తల మీది జుట్టును, నారింజ ఎరుపు ముక్కును బట్టి పోల్చుకోవాలి. చెట్టు మొదలు వైపు తలకిందులుగా దిగుతున్నది తెల్లరొమ్ము నట్‌హాచ్.

అడవి లోపల ఆకులు దట్టమై పక్షులు కనిపించడం కష్టమైంది. ఈ ప్రయోగశాల ఉచితంగా అందించే మెర్లిన్ యాప్ కూతలు విని పేర్లు సూచించడం అక్కడ ఎంతో ఉపకరించింది. "టీచర్, టీచర్" అంటూ అంతకంతకూ గొంతు పెంచే ఓవెన్‌బర్డ్‌ను మొదట దానితోనే తెలుసుకున్నాము. అయితే బ్లూ జే అనే నీలి పిట్ట డేగ అరుపును చక్కగా అనుకరిస్తుంది కాబట్టి, యాప్ చెప్పిన పేరును కంటితో సరిచూసుకోనిదే జాబితాలో రాసుకోకూడదు.

బస విషయంలో, రహదారి పక్కన మేము దిగిన మోటెల్ శుభ్రంగా, చవకగా ఉన్నా కిటికీ తెరిస్తే కార్లే కనిపించేవి. తర్వాత మారిన పల్లెటూరి అతిథి గృహానికి అద్దె ఎక్కువే. కానీ దాని పెరట్లో ఫీడర్లు ఉండడంతో, కాఫీ తాగుతూ చికడీ, టిట్‌మౌస్ అనే చిన్న పిట్టలను గమనించగలిగాము. ఆ అదనపు ఖర్చుకు తగిన ఫలితం దక్కింది.

కయూగా సరస్సు ఉత్తర కొసనున్న మాంటెజూమా అభయారణ్యంలో కారు దిగకుండానే బాతులను, కొంగలను చూడవచ్చు. నడవలేని పెద్దలకు అది అనుకూలమే గానీ, పెరటి పిట్టల కోసం వచ్చినవారికి పూట చాలు.

అడవిలో రక్తం పీల్చే టిక్ పురుగుల బెడద ఉంటుంది కనుక పొడుగు ప్యాంటు తప్పనిసరి. వీలైతే ఆకులు ముదరకముందే, మే మొదటి పక్షంలో వెళ్ళండి. వలస వచ్చే వార్బ్లర్ పిట్టలు కూడా అప్పుడే బాగా కనిపిస్తాయి.