తిరుపతి కన్సల్టెన్సీల ‘పాస్టర్ వీసా’ ప్యాకేజీ: దేనికి డబ్బు కట్టాలి, దేనికి కట్టకూడదు

ఇంజినీరింగ్ పిల్లల కోసం తిరుపతిలో తెరిచిన వీసా ఆఫీసులు ఇప్పుడు విదేశీ చర్చిల్లో సేవకు వెళ్లే పాస్టర్లకు, ఫాదర్లకు కూడా ఫైళ్లు కడుతున్నాయి. పేర్లు రాయడం లేదు, బోర్డు మారినా ప్యాకేజీ ఒకటే: పాస్‌పోర్టు సవరణ, పోలీస్ క్లియరెన్స్, అనువాదం, నోటరీ, అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లడానికి మన విదేశాంగ శాఖ వేసే ముద్ర), డీఎస్-160 (అమెరికా వీసా ఆన్‌లైన్ దరఖాస్తు) నింపడం, ఇంటర్వ్యూ తర్ఫీదు. ఇందులో సగానికి డబ్బు కట్టొచ్చు.

బాగా చేసేది పేర్ల సవరణ. పదో తరగతి సర్టిఫికెట్లో తాతగారి పేరు, బాప్తిస్మంలో ఇంకో పేరు, పాస్‌పోర్టులో ఒకే పేరు. మన పాస్టర్లలో ఇది మామూలే. పాస్‌పోర్టులో ‘గివెన్ నేమ్’ ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఆ చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, తర్వాత బ్యాంకులో, లైసెన్సులో తిప్పలు. అది ముందే సరిచేయించి, పాత పేర్లన్నీ డీఎస్-160లో ‘ఇతర పేర్లు’ దగ్గర రాయిస్తారు. ఈ పనికి అడిగింది ఇవ్వొచ్చు.

అపోస్టిల్ మాత్రం శుద్ధ దండగ. అమెరికా పిటిషన్‌కు (మిమ్మల్ని పిలిచే అక్కడి చర్చి వేసే దరఖాస్తుకు) జిరాక్స్ చాలు; తెలుగు కాగితమైతే పూర్తి ఇంగ్లీషు అనువాదం, ‘నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదం’ అని అనువాదకుడి సంతకం ఉండాలి. నోటరీ ముద్ర కూడా అక్కర్లేదు. జర్మనీ అయితే మన దేశపు అపోస్టిల్‌ను అసలు ఒప్పుకోదు. అయినా జర్మనీ వెళ్లే ఫాదర్ బిల్లులో కూడా అది ఉంటుంది!

అసలు సంగతికి వద్దాం. పాస్టర్లకు, ఫాదర్లకు అమెరికా ఇచ్చే తాత్కాలిక వీసా ఆర్-1. దాని పని ఇక్కడ మొదలయ్యేది కాదు. అక్కడి చర్చి వాళ్ల ఇమిగ్రేషన్ శాఖకు ఐ-129 ఫారంతో పిటిషన్ వేయాలి. ఆ చర్చికి 501(సి)(3), అంటే లాభాపేక్ష లేని సంస్థలకు అమెరికా ఇచ్చే పన్ను మినహాయింపు, ఉండాలి. జీతమో, బసా భోజనమో ఎలా ఇస్తారో లెక్క చూపాలి. పని వారానికి సగటున 20 గంటలకు తగ్గకూడదు. అధికారులు చర్చికి వెళ్లి తనిఖీ కూడా చేస్తారు. ‘చర్చిని మేమే చూపిస్తాం’ అని ఎవరైనా అడ్వాన్సు అడిగితే కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

ఫైలు ఎక్కువగా చెడేది సభ్యత్వం దగ్గర. పిటిషన్ వేసే నాటికి కనీసం 2 ఏళ్లుగా ఆ చర్చి డినామినేషన్‌లోనే (క్రైస్తవ శాఖలోనే) ఉన్నట్టు రుజువు కావాలి. ఊళ్లో సొంతంగా పెట్టుకున్న సంఘం నుంచి బాప్టిస్టు చర్చికి పోతూ ‘రెండూ ప్రొటెస్టెంటే కదా’ అంటే చెల్లదు. విశ్వాస ప్రమాణం, ఆరాధన పద్ధతి, పరిపాలన కలుస్తాయని చూపాలి. కన్సల్టెన్సీ దీనికి చేసేదల్లా లెటర్‌హెడ్ మీద ఒక పేరా టైపు చేయించడం. కావాల్సింది ఆర్డినేషన్ పత్రం, బాప్తిస్మపు రిజిస్టరు నకలు, ఏ ఏడాది ఏ సంఘంలో పరిచర్య చేశారో తేదీలతో పట్టిక, చదివిన సెమినరీ సర్టిఫికెట్. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లకు కొంత నయం: చిత్తూరు, మదనపల్లె సంఘాలు అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి వారి ఆర్కాట్ మిషన్ నాటివి, ఆ మిషన్ సంఘాలు 1947లో సీఎస్ఐలో కలిశాయి. అటు నుంచి పిలుపు వస్తే చూపడానికి చరిత్రైనా ఉంటుంది.

వెంట వెళ్లే భార్యాపిల్లలకు ఆర్-2 వీసా వస్తుంది, దాని మీద భార్య ఉద్యోగం చేయకూడదు. పెళ్లి రుజువుకు సంఘం లెటర్‌హెడ్‌ను నమ్ముకోకండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేని పాస్టర్ చేసిన పెళ్లిళ్లు మన దగ్గర బోలెడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సర్టిఫికెట్ తెచ్చుకోండి.

ఫాదర్లకు ఈ ప్యాకేజీ దాదాపు అనవసరం. చిత్తూరు, తిరుపతి ప్రాంతం కడప మేత్రాసనం (క్యాథలిక్ డయోసీస్) కిందికి వస్తుంది. పంపే మేత్రాణులు (బిషప్పు), తీసుకునే మేత్రాణుల మధ్య రాతపూర్వక ఒప్పందం, సెలెబ్రెట్ (ఈ గురువు పూజ చేయొచ్చని ఇచ్చే పత్రం) లేకుండా అక్కడ ఏ విచారణా (పారిష్) తలుపు తీయదు. మిషన్ ప్రాంతాల గురువులను విదేశాలకు పంపడం మీద రోమ్ 2001లోనే ప్రత్యేక సూచనలిచ్చింది. కన్సల్టెన్సీలు కలగాపులగం చేసేది రెండు ‘5 ఏళ్ల’ గడువులను. ఆర్-1 మొదట 30 నెలల వరకు ఇస్తారు, మొత్తం 5 ఏళ్లు దాటదు. క్యాథలిక్ చర్చి చట్టంలోని కానన్ 268 లెక్క వేరు: న్యాయబద్ధంగా వెళ్లి 5 ఏళ్లు గడిచాక, అక్కడే ఉండిపోతానని ఇద్దరు మేత్రాణులకూ రాసి, 4 నెలల్లో ఎవరూ రాతపూర్వకంగా కాదనకపోతే కొత్త మేత్రాసనంలో చేరినట్టే. అలా చేరినంత మాత్రాన గ్రీన్‌కార్డు రాదు. దానికి ఐ-360 అనే పిటిషన్ వేరుగా వేయాలి, అంతకు ముందు 2 ఏళ్లు ఎడతెగక పరిచర్య చేసి ఉండాలి, ఆపైన ఈబీ-4 (మతసేవకులు వచ్చే గ్రీన్‌కార్డు వర్గం) క్యూ. ఆర్-1 చివరి ఏడాదిలో మేల్కొంటే ఆలస్యమైనట్టే.

జర్మనీకి భాషే అసలు గేటు. ప్యాకేజీ డబ్బు చెన్నై మ్యాక్స్ ముల్లర్ భవన్‌లో జర్మన్ భాష క్లాసుల ఫీజుకు కట్టుకోండి. బ్రిటన్ మినిస్టర్ ఆఫ్ రిలిజియన్ వీసాకు స్పాన్సర్ లైసెన్సున్న చర్చి సర్టిఫికెట్, భాషా పరీక్షలో బీ2 స్థాయి ఇంగ్లీషు కావాలి. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో సేవ చేయాలంటే విదేశాల్లో అభిషేకం పొందిన గురువుల మీది 1967 చట్టం కింద ఆర్చిబిషప్ అనుమతి వేరే.

కొందరు ‘బీ-1 (అమెరికా సందర్శక వీసా) మీద వెళ్లి అక్కడ చర్చి చూసుకోండి’ అంటారు. బీ-1లో సువార్త పర్యటన చేయొచ్చు, సభల్లో వచ్చిన కానుకలతో గడుపుకోవచ్చు. ఒకే చర్చిలో నియామకం తీసుకునే ఉద్దేశంతో వెళ్తే ఆ వీసా వర్తించదు, ఆ అబద్ధం తర్వాత ఆర్-1కూ అడ్డు తగులుతుంది.

ఆర్-1 వీసా ఫీజు 205 డాలర్లు మీ చేత్తోనే కట్టి రసీదు ఉంచుకోండి. మెయిలు, ఫోను నంబరు మీవే ఇవ్వండి. చెన్నైలో వేలిముద్రలకు, ఇంటర్వ్యూకు వేరువేరు అపాయింట్‌మెంట్లు, రెండూ మీ మెయిలుకే రావాలి. డీఎస్-160 ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్నకు ఆఫీసు కుర్రాడు ‘లేదు’ అని కొట్టేస్తాడు. సబ్మిట్ నొక్కకముందే దాన్ని ‘అవును’ చేయించండి.