మిషన్ వెండి వరక్: శాకాహారులు కొనదగ్గదే, ప్యాకెట్ చూసి కొంటే

కాజూ కత్లీ మీద మెరిసే వరక్‌లో, అంటే ఆ పల్చటి వెండి రేకులో, మాంసాహారం సంగతి ఏముంటుందని ఎవరికీ తోచదు. కానీ పాత పద్ధతిలో చిన్న వెండి ముక్కల్ని పశువుల పేగు పొరలతోనో చర్మంతోనో చేసిన పుస్తకంలో, పొరకూ పొరకూ మధ్య పెట్టి, పైన తోలు కప్పి గంటల తరబడి సుత్తితో కొడతారు. చార్మినార్ పక్క గల్లీల్లో తరతరాలుగా సాగిన పని అది. వాళ్ల చేతి నైపుణ్యానికి వంక పెట్టలేం. శాకాహారికి ఇబ్బందల్లా ఆ పొరలతోనే.

స్వీటు డబ్బా మీది ఆకుపచ్చ చుక్క ఇక్కడ సరిపోదు. తినే పదార్థంలో ఏం కలిపారన్నదే ఆ గుర్తుకు లెక్క. వెండిని దేని మధ్య పెట్టి కొట్టారో అది చెప్పదు. వరక్ తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైనదేదీ వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో నిబంధన తెచ్చింది. అయినా విడిగా అమ్మే వరక్‌కి లేబులే ఉండదు కాబట్టి కొనేవాళ్లే అడగాలి.

మిషన్ వరక్‌ని కాగితాల మధ్య కొడతారు. స్వీటు మీద వేశాక చేతి వరక్‌కీ దీనికీ తేడా కంటికి ఆనదు. అయితే 'మిషన్' అన్న ఒక్క మాట చూసి కొనొద్దు. జంతు పదార్థాలు వాడలేదని ప్యాకెట్ మీద రాసి ఉండాలి, తయారీదారు చిరునామా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు కూడా ఉండాలి. చేత్తో కొట్టేవాళ్లలోనూ కాగితం వాడేవాళ్లున్నారు. అడిగి తెలుసుకుంటే అదీ తీసుకోవచ్చు.

వెండికి బదులు అల్యూమినియం అంటగట్టడం ఇంకో మోసం. ఒక రేకు తీసి రెండు వేళ్ల మధ్య నలపండి. అసలు వెండి పొడిపొడిగా రాలిపోతుంది, అల్యూమినియం చిన్న చిన్న తునకలవుతుంది. ఇంకా అనుమానముంటే కాల్చి చూడండి: వెండి మెరిసే తెల్లటి పూసలా మిగులుతుంది, అల్యూమినియం నల్లబడిన బూడిదవుతుంది.

వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే రేకు ముడుచుకుపోతుంది. పై కాగితం తీసేసి, కింది కాగితంతో సహా రేకును స్వీటు మీద బోర్లించి, వేలితో మెల్లగా అద్ది కాగితం లాగేయాలి. స్వీటు కాస్త చెమ్మగా ఉంటేనే అతుకుతుంది. పాకం కారుతుంటే మాత్రం రేకు చిరిగి మచ్చలు పడుతుంది. డబుల్ కా మీఠాకైతే పూర్తిగా చల్లారాక, వడ్డించే ముందే వేయండి. మిగిలిన రేకుల్ని గాలి చొరని డబ్బాలో పెట్టకపోతే నల్లబడతాయి.

పెళ్లికి స్వీట్లు, మీఠా పాన్ ఆర్డరిచ్చేటప్పుడు వరక్ ప్యాకెట్ చూపించమని అడగండి. చూపించలేకపోతే వరక్ లేకుండానే చేయించుకోండి, రుచిలో తేడా ఏమీ రాదు.