తెల్ల ఎంబాసింగ్ పౌడరు, నీటి రంగులు: మూడేళ్ల వాడకం తరువాత

సంక్రాంతికి అయినవాళ్లకు కార్డులు నేనే చేసి పంపడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. నెమ్మదిగా ఆరే సిరా ఉండే ఎంబాసింగ్ పెన్నుతో చుక్కల ముగ్గు వేసి, తడి ఆరకముందే తెల్ల ఎంబాసింగ్ పౌడరు (వేడికి కరిగి ఉబ్బెత్తు గీతగా గట్టిపడే పొడి) చల్లి, వేడితో కరిగించి, ఆ పైన నీటి రంగు పూస్తాను. ఇన్నాళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటే: డబ్బు ముందు కాగితానికి పెట్టాలి.

మొదటి ఏడాది చవకగా దొరికిన డ్రాయింగు కాగితం వాడాను. కుంచె రెండోసారి తగలగానే పైపొర నూగులా లేచింది. ఆరాక కాల్చిన అప్పడంలా వంకర తిరిగింది. ఇప్పుడు పూర్తిగా కాటన్‌తో చేసిన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) మందపాటి కాగితమే కొంటున్నాను. ధర ఎక్కువే, కానీ ఎంత నీరు పడినా తట్టుకుంటుంది. సన్నని ముగ్గులకు నున్నటి హాట్ ప్రెస్ రకం మేలు. గరుకు కాగితం మీద గీత మధ్యమధ్యలో తెగుతుంది.

బాగా వేడిగాలి ఊదే హీట్ గన్ తప్పనిసరి. హెయిర్ డ్రయర్‌తో ప్రయత్నిస్తే పొడి ఎగిరిపోయింది తప్ప కరగలేదు. హీట్ గన్ కింద మాత్రం ఇసుకలా గరుకుగా ఉన్న గీత ఒక చివర నుంచి తడిసినట్టు మెరుస్తూ, ఉబ్బుతూ వస్తుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు తనివి తీరదు. మెరుపు రాగానే గన్ పక్కకు జరపాలి. ఇంకాస్త ఉంచితే పౌడరు కాగితంలోకి ఇంకి గీత చదునైపోతుంది.

వానాకాలంలో కాగితం చెమ్మగిల్లి పొడి ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది. ముందుగా కాగితాన్ని కాస్త వేడిచేసి, పల్చటి గుడ్డలో మూటకట్టిన టాల్కం పౌడరును పైపైన అద్దితే ఆ బాధ ఉండదు. చల్లేటప్పుడు ఫ్యాను ఆపాల్సిందే, మే నెలైనా సరే. మిగిలిన పొడిని మడిచిన కాగితంతో తిరిగి సీసాలో పోసుకోవచ్చు, అందుకే ఒక్క సీసా చాలా కాలం వస్తుంది.

ఇక రంగు. ముగ్గు మీద ముదురు నీలం పూస్తే గీతలు దాన్ని పట్టవు. పైన నిలిచిన బొట్లను మెత్తటి గుడ్డతో అద్దేస్తే, తెల్లవారకముందు కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు కనిపించినట్టే ఉంటుంది. కార్డు మడత మీదుగా మాత్రం గీత పోనివ్వకండి, మడవగానే పెళుసుగా విరుగుతుంది. నేను విడి ముక్క మీద వేసి కార్డుకు అతికిస్తున్నాను.

మొదటి ఏడాది కార్డొకటి మా అక్కయ్య కిటికీ పక్కన గోడకు పెట్టుకుంది. మొన్న వెళ్లి చూశాను. ముగ్గు వేలికి ఇప్పటికీ ఎత్తుగానే తగులుతోంది, నీలం అలాగే ఉంది. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు రంగుతో వేసిన గులాబీ అంచు మాత్రం ఎండకు దాదాపు వెలిసిపోయింది. ఈ ఏడు నుంచి ఆ చోట ఎండకు అంత తేలిగ్గా వెలవని క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబీ రంగు వాడుతున్నాను.