కిటికీ లేని గదికి 390 యూరోలు, లేని గుమ్మటానికి పైసా లేదు

రోమ్‌లో టెర్మినీ స్టేషన్ దగ్గర మేం దిగిన గెస్ట్‌హౌస్ పేరు రాయను. ఫొటోలో పెద్ద కిటికీ, అవతల పచ్చటి తోట. రాత్రికి 110 చొప్పున మూడు రాత్రులకి 330 యూరోలు కట్టేశాను. తీరా వెళ్ళాక అమ్మ గాలాడట్లేదని కిటికీ తియ్యబోయి గోడ తడుముతోంది. అది స్టిక్కర్! కింద రిసెప్షన్‌లో ఉన్నతన్ని అడిగితే, "కిటికీ ఉందని మేం ఎక్కడా రాయలేదే" అన్నాడు. ఆలస్యంగా వచ్చారని 30, శుభ్రం చేసినందుకు ఇంకో 30 లాగాడు. సిటీ టాక్స్ వేరే.

గది వెతికింది నేనే కాబట్టి మా ఆవిడ రెండు రోజులు ముభావంగానే ఉంది. కొలోసియం, వాటికన్ అలాగే అయిపోయాయి.

మూడో రోజు పాంథియన్ అనే పాత రోమన్ గుడి చూసి (మనిషికి 5 యూరోలు), ఎండకి తాళలేక దగ్గర్లోని సాంత్ ఇన్యాత్సియో చర్చిలో దూరాం. టికెట్ లేదు. నేల మీద చలవరాతి బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని మీద నిలబడి తలెత్తిన అమ్మ, "ఒరేయ్, దీనికి కప్పు వెయ్యలేదేంట్రా?" అంది.

కప్పు ఉంది. గూనలా వంపు తిరిగిన కప్పు. 1690ల మొదట్లో ఆంద్రేయా పొట్సో అనే జెస్యూట్ (ఒక క్యాథలిక్ మత సంఘం సభ్యుడు) దాని మీద ఇంకో అంతస్తు స్తంభాలు, ఆపైన ఆకాశం గీశాడు. అసలు గోడ ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో నేను పావుగంట వెతికినా దొరకలేదు. చూసేవాడి కన్ను ఉండే చోటు ముందే నిర్ణయించుకుని, పైన దారాలతో వల కట్టి, దాని గళ్ళు వంపు మీద ఎక్కడ పడతాయో గుర్తులు పెట్టుకునే పద్ధతి ఆయనది. దీని మీద 1693లో పుస్తకమే వేశాడు. అందుకే బిళ్ళ దిగి పదడుగులు పక్కకి నడిస్తే స్తంభాలన్నీ మీద పడేలా ఒరిగిపోతాయి. మూలల్లో నాలుగు ఖండాలకి గుర్తుగా నలుగురు ఆడవాళ్ళు. ఒంటె మీదున్నావిడే మన ఆసియా అని చెబితే, ఒంటె ఎందుకని అమ్మ నొచ్చుకుంది.

ముందుకెళితే గుమ్మటం. అదీ లేదు! కట్టడానికి డబ్బు చాలలేదని ఒక మాట, వెలుతురు పోతుందని పక్కవాళ్ళు అడ్డుపడ్డారని ఇంకో మాట. ఏదైతేనేం, 1685లో పొట్సో దాదాపు 17 మీటర్ల గుడ్డ మీద గుమ్మటం గీసి పైన బిగించాడు. సరిగ్గా దాని కిందికి వెళితే పక్కకి వాలిపోయి కనిపిస్తుంది. దానికీ నేల మీద వేరే బిళ్ళ ఉంది, మా ఆవిడే కనిపెట్టింది. దాని మీద నిలబడి పైకి చూస్తూ, "మన గది ఫొటో తీసినవాడు కూడా ఇలాంటి బిళ్ళ మీదే నిలబడి ఉంటాడండీ" అంది. రెండు రోజుల్లో నాతో అన్న మొదటి పూర్తి వాక్యం.

వెళ్ళేవాళ్ళకి నా మాట: మెడ ఎత్తకుండా కప్పు చూడ్డానికి మధ్యలో పెట్టిన అద్దం దగ్గర సెల్ఫీల వరసలో నిలబడొద్దు. మాకు 35 నిమిషాలు దండగ. మెడ నొప్పెట్టినా సొంత కళ్ళతో చూడండి. నొప్పెడితే కుర్చీలున్నాయి, అమ్మ గంటసేపు కదల్లేదు.

బయటికొచ్చి తలా 3.50 పెట్టి జెలాటో (ఇటలీ ఐస్‌క్రీం) తిన్నాం. మర్నాడు గది ఖాళీ చేస్తుంటే స్టిక్కర్ ఒక మూల లేచి వేలాడుతోంది. అమ్మని ఏమీ అడగలేదు.