కణం మీద చక్కెర: కొవ్వు తోకా, హాలోట్యాగా?

బెంగళూరు జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణం) వైపు స్టెమ్ సెల్ ల్యాబుల్లో కొత్తగా చేరిన మన తెలుగు పిల్లలు తరచూ అడుగుతుంటారు: మూలకణం (వేరే కణాలుగా మారగల కణం) పైపొర మీద హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసును పెట్టడానికి ఏ దారి మేలు?

ఎఫ్‌జీఎఫ్2 అనే సంకేత ప్రోటీన్ కణం మీది తన రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకోవాలంటే ఈ చక్కెర గొలుసు పక్కనే ఉండాలి. ఎక్స్‌ట్1 జన్యువు తీసేసిన ఎలుక మూలకణాలు దాన్ని తయారుచేసుకోలేవు, నాడీకణాలుగా మారలేక ఆగిపోతాయి. శాన్ డియాగోలో కామిల్ గోడులా బృందం అలాంటి కణాలకు కొవ్వు తోక తగిలించిన కృత్రిమ గొలుసులు అందించింది. తోక దానంతటదే పొరలో దిగబడింది, ఆగిన ఎర్క్ సంకేతం (రిసెప్టర్ నుంచి కణం లోపలికి వెళ్ళే సందేశం) మళ్ళీ నడిచింది, కణాలు నాడీ దిశగా కదిలాయి. జన్యువుల జోలికే పోనక్కర్లేదు, అది నాకెంతో నచ్చింది. చిక్కల్లా నిలకడ దగ్గరే. గంటలు గడిచేకొద్దీ ఆ గొలుసులు పొర మీంచి తగ్గిపోతాయి.

కాల్టెక్‌లో లిండా షియే-విల్సన్ బృందం కణం చేతనే, చక్కెరను పట్టి ఉంచే కొక్కెంలాంటి హాలోట్యాగ్ ప్రోటీన్‌ను పైపొరలో పెట్టించి, చక్కెరను దానికి విడిపోని బంధంతో కట్టింది. అది రోజుల తరబడి ఉంటుంది. నాడీకణం తయారవడానికీ రోజులే పడుతుంది కదా, అందుకే నా ఓటు దీనికే. కాకపోతే ముందు జన్యువు ఎక్కించాలి, ఆ ఓపిక కావాలి. తొలి సంకేతం చూడ్డం వరకే అయితే తోక చాలు.

ఏది ఎంచుకున్నా పోల్చి చూసుకోడానికి సల్ఫేట్ లేని గొలుసుతో ఒక కంట్రోల్ ప్లేటు తప్పకుండా పెట్టండి.